విశాఖతీరమున వేడిమి, చలి



నేటి ప్రసంగమునకు మన విశాఖతీరపు శీతోష్ణస్థితిని విషయముగా గ్రహించితిని. "ఎండయు చలియు పుట్టినది మొదలు మనమెరిగినవే కదా! ఇందు క్రొత్తగా వినవలసినదేమున్నది?" అని మీలో కొందరు తలంపవచ్చును. నేనును చిరకాలము అట్లే తలంచితిని. అంతయు ఎరుగుదుమను ఆ నమ్మకము వలననే మా కుటుంబమునకు తీరని కీడొకటి వాటిల్లినది. ఆ వృత్తాంతమును ప్రసంగమధ్యమున మనవిచేసెదను.

నా నివాసము చోడవరము. 2022వ సంవత్సరమున జిల్లాలను మరల విభజించినపుడు మా ఊరు అనకాపల్లి జిల్లాలో చేరినది. అంతకు పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిదే. జిల్లా పేరు మారినను ఎండ మారలేదు. బాల్యమున తండ్రిగారి సన్నిధిని కావ్యములను, పంచాంగగణితమున కొంత భాగమును చదువుకొని, పిదప పాఠశాలలో ఉపాధ్యాయుడనై, తెలుగుతోపాటు చిన్న తరగతులకు ప్రకృతిశాస్త్రమును గూడ బోధించితిని. కావున శంకువును, ఉష్ణమాపకమును రెంటిని చేతపట్టినవాడను. ఆ రెంటి సాయముననే నేడు నాలుగు మాటలు చెప్పుదును.

మొదట శంకువు సంగతి. పండ్రెండంగుళముల పుల్లనొకదానిని చదునైన నేలపై నిలువుగా నిలిపి, మిట్టమధ్యాహ్నమున దాని నీడను కొలువుడు. డిసెంబరు 22వ తేదీ ప్రాంతమున ఆ నీడ ఉత్తరదిక్కుగా సుమారు పదిన్నర అంగుళములుండును. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతములందు, అనగా రేయింబవళ్లు సమములైన దినములందు, నాలుగంగుళములకు కొంచెము తక్కువగా నుండును. ఈ సమదినపు నీడకే మన జ్యోతిషమున పలభయని పేరు. పలభను బట్టియే ఒక ఊరు భూమధ్యరేఖకు ఎంత ఎడముగా నున్నదో లెక్కకట్టుదురు. ఆ లెక్కను విశాఖపట్టణమును, మా చోడవరమును దాదాపు 17¾ డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నవి. ఇక మే 11వ తేదీ ప్రాంతమునను, ఆగష్టు 2వ తేదీ ప్రాంతమునను మధ్యాహ్నవేళ ఆ పుల్లకు నీడయే కానరాదు. సూర్యుడు సరిగా మన నెత్తిమీద నుండును. ఆ రెండు దినముల నడుమ నీడ దక్షిణమునకు తిరిగి, జూను 21 నాటికి అంగుళమునకు కొంచెము మించి యుండును. ఇట్లు సూర్యుడు నెత్తిమీదికి వచ్చు భూభాగమునకే ఉష్ణమండలమని పేరు. ఉత్తరమున కర్కటరేఖ, దక్షిణమున మకరరేఖ దీనికి ఎల్లలు. కర్కటరేఖకు ఆవల నున్న ఢిల్లీ నగరమున నీడలేని మధ్యాహ్నము ఎన్నడును రాదు.

పగటి నిడివిని కూడ చూడుడు. మనకు మిక్కిలి పొడవైన పగలు పదమూడు గంటలకు కొంచెము మించును. మిక్కిలి పొట్టిది సుమారు పదకొండు గంటలు. ఇంగ్లండు దేశపు లండను నగరమున వేసవి పగలు పదునారు గంటలకు మించును. శీతకాలపు పగలు ఎనిమిది గంటలైనను నిండదు. మనకు సూర్యుడిచ్చు వెలుగు ఏడాది పొడుగునను దాదాపు ఒక్కరీతిగా నుండుటచే, మన చలి వెన్నెముకను గడ్డకట్టించునది కాదు. మన వెచ్చదనము ఎన్నడును పూర్తిగా వదలునది కాదు.

ఒకప్పుడు తరగతిలో నేనీ పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, సూర్యుడు మే నెలలో ఒకసారి, ఆగష్టులో ఒకసారి నెత్తికెక్కునంటిరి. అట్లయిన ఆగష్టులో మే నెలయంత ఎండ యేల కాయదు?" అని అడిగెను. మంచి ప్రశ్న. దానికి సమాధానము మేఘము. జూను రెండవ వారపు ప్రాంతమున నైరృతి ఋతుపవనము మన తీరమునకు వచ్చును. ఆగష్టు నాటికి ఆకాశము మబ్బులతో నిండి, నేల తడిసి యుండును. మబ్బు ఎండను అడ్డగించును. నేలమీద పడిన కొద్దిపాటి వేడియు తడి నార్పుటకే వ్యయమగును. కావున శీతోష్ణస్థితిని నిర్ణయించునది సూర్యుడొక్కడే కాడు. సూర్యుడు, మేఘము, గాలి, సముద్రము ఈ నాలుగును కలిసి నిర్ణయించును.

ఇక ఉష్ణమాపకపు సంగతి. వార్తాపత్రికలలో "విశాఖపట్టణము 34 డిగ్రీలు" అని ముద్రింతురు. ఆ అంకె ఎక్కడ కొలిచినది? ఎండలో కాదు. నేలకు నాలుగడుగుల యెత్తున, గాలి యాడునట్లు పలకలు ఏటవాలుగా అమర్చిన తెల్లని కొయ్యపెట్టెలో ఉష్ణమాపకము నుంచి, గాలి యొక్క వేడిమిని కొలుతురు. అనగా అది నీడలోని గాలివేడిమి. చెరకుతోటలో కలుపుతీయువాని వీపుమీద పడునది అంతమాత్రమే కాదు. సూర్యకిరణపు వేడియు, కాలిన నేలనుండి పైకెగయు వేడియు దానికి తోడగును.

మరియొక సంగతి. జ్వరము చూచు కొలబద్ద మీ యిండ్లలో నుండును. అది ఫారన్‌హీటు లెక్కను 98.6 చూపినచో దేహము ఆరోగ్యముగా నున్నదందుము. వాతావరణశాఖవారి సెంటిగ్రేడు లెక్కను అది 37 డిగ్రీలు. ఈ 37ను మనసున ఉంచుకొనుడు. బయటి గాలి ఇంతకు తక్కువగా నున్నంతవరకు మన దేహపు వేడి గాలిలోనికి పోవుచుండును. అంతకు మించినచో గాలియే మన దేహమునకు వేడి నిచ్చును. అప్పుడు చెమట యొక్కటే మనకు రక్ష. 40 డిగ్రీలనగా 104. ఆ అంకె జ్వరపు కొలబద్దలో కనబడినచో ఇంటిల్లిపాది ఎంత కలతపడుదురో మీరెరుగుదురు.

విశాఖపట్టణపు సంవత్సరమును ఈ కొలతను చూతము. జనవరిలో పగటి వేడిమి సగటున 28, 29 డిగ్రీలు; రాత్రి 18 డిగ్రీల ప్రాంతము. మే నెలలో పగలు 34 మొదలు 36 వరకు. రాత్రి 27, 28. రేయింబవళ్ల సగటును తీసి చూచినచో, మిక్కిలి చల్లని నెలకును మిక్కిలి వేడి నెలకును భేదము ఎనిమిది డిగ్రీల ప్రాంతము మాత్రమే. ఢిల్లీలోనో, జనవరి రాత్రులు ఏడెనిమిది డిగ్రీలకు దిగును. మే, జూను నెలల పగళ్లు నలుబదికి ఎక్కును. అక్కడి భేదము సుమారు ఇరువది డిగ్రీలు.

ఇట్లు మన తీరమున వాతావరణమును కొలుచుట నిన్న మొన్న పుట్టిన పని కాదు. గోడే వెంకట జగ్గారావుగారను విశాఖపట్టణపు జమీందారు మదరాసులో ఖగోళశాస్త్రము నభ్యసించి వచ్చి, 1840 ప్రాంతమున దాబాగార్డెన్సులోని తమ యింట స్వంత ధనముతో నక్షత్రశాల స్థాపించిరి. ఆయన అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని వృద్ధిచేసి, 1874వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీని శుక్రగ్రహము సూర్యబింబముమీదుగా దాటుటను పరిశీలించి, విదేశములందు కూడ పేరు గాంచిరి. ఆ నక్షత్రశాలలో నక్షత్రములతోపాటు వేడిమిని, వానను, గాలిని కూడ కొలిచి లెక్కలు వ్రాయుచుండిరి. పంచాంగము చదివిన కుటుంబములవారు కొలబద్దను చిన్నచూపు చూడరాదని నా విద్యార్థులకు ఈ కథ చెప్పెడివాడను.

పట్టణపు వేడిమి ఇంత మితముగా నుండుటకు కారణము సముద్రము. ఒకే పొయ్యిసెగను ఇనుపమూకుడును, నీళ్లబిందెను ఉంచి చూడుడు. మూకుడు క్షణములో కాలును, దింపినంతనే చల్లారును. బిందెలో నీరు మెల్లగా కాగును, మెల్లగా చల్లారును. భూమి మూకుడు వంటిది. బంగాళాఖాతము బిందె వంటిది. పగలు భూమి కాగినపుడు దానిపై గాలి తేలికయై పైకి లేచును. ఆ చోటు నింపుటకు సముద్రముమీది చల్లగాలి ఒడ్డుకు వచ్చును. రాత్రి భూమి త్వరగా చల్లబడుటచే గాలి తిరుగబడి ఒడ్డునుండి సముద్రమునకు పోవును. తెరచాప తెప్పలున్న కాలమున మన జాలరులు తెల్లవారుజాము గాలితో లోనికి పోయి, మధ్యాహ్నపు గాలితో ఒడ్డు చేరుచుండిరి. వారి వృత్తియంతయు ఈ రెండు గాలులమీదనే నడచినది.

ఇక పట్టణమునకును మన పల్లెలకును గల భేదము. మా చోడవరము సముద్రమునకు పదిపండ్రెండు క్రోసుల లోపల నున్నది. పట్టణమునకు మధ్యాహ్నము కాకమునుపే చేరు సముద్రపుగాలి మాకు ప్రొద్దు వాలిన తరువాత, అదియు బలము తగ్గి వచ్చును. పడమటినుండి వడగాడ్పు బలముగా వీచు దినములలో అసలు రాదు. కావున వేసవి మధ్యాహ్నములలో పట్టణపు అంకెకు మాది కొన్ని డిగ్రీలు మించి యుండును. ఆ పడమటిగాలి మరింత బలిసిన దినమున సముద్రపుగాలి ఒడ్డుననే ఓడిపోవును. అప్పుడు విశాఖపట్టణము కూడ 40 డిగ్రీలు దాటును. శీతకాలమున దీనికి విపర్యాసము. సముద్రపు వెచ్చదనము మావరకు రాదు గనుక మా రాత్రులు పట్టణపు రాత్రులకంటె చల్లన. మాకు వాయవ్యమున నున్న మాడుగుల కొండలెక్కి పైకి పోయినకొలది, వెయ్యి మీటర్ల యెత్తునకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడిమి తగ్గును. అందుచేతనే చింతపల్లి, లంబసింగి ప్రాంతములలో కొన్ని యేండ్ల పుష్యమాసపు వేకువలందు వేడిమి సున్నకు సమీపించును. ఒకే దినమున, ఒకే వేకువన, సముద్రపుటొడ్డున పలుచని కండువా చాలును. కొండపైన నెగడు లేనిదే నిలువరాదు.

పుష్య మాఘముల చలిని మనము నిందింపరాదు. ఆ పొడిగాలియు, చల్లని రాత్రులును చెరకున తీపిని పెంచును. అనకాపల్లి బెల్లపు బజారు పేరు దేశమున నిలిచినదనిన, అందు మన రైతు చెమటతోపాటు ఆ రెండు మాసముల చలికి కూడ భాగము కలదు. శివరాత్రి గడచిన పిమ్మట ఎండ ముదురుట ప్రారంభించును. మే 11 ప్రాంతమున సూర్యుడు నెత్తిమీదికి వచ్చినను, మిక్కిలి తాపము మే చివరను, రోహిణికార్తెలో కనబడును. పొయ్యిలో మంట తగ్గినను మూకుడు కొంతసేపు కాగుచునే యుండునట్లు, నేల పుచ్చుకొన్న వేడి నిలువై యుండుటయే దీనికి కారణము. మృగశిరకార్తెతో తొలకరి వచ్చి ఆ తాపమును చల్లార్చును. పట్టణమున సంవత్సరపు వాన నలుబదంగుళములకు కొంచెము మించును. అందు అక్టోబరు నెలదే పెద్ద వాటా. అదియే తుఫానుల కాలము. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముననే తీరము దాటి చేసిన విధ్వంసమును మీరు మరచియుండరు. తుఫానును గూర్చి వేరొక ప్రసంగము కావలెను గనుక దానినిక్కడ విడిచి, వేడిమి కడకే వచ్చెదను. ఏలననగా తుఫాను చప్పుడుతో వచ్చును. వేడిమి చప్పుడు లేక వచ్చి ప్రాణము తీయును.

చెమటయే మనకు రక్షయని చెప్పితిని. చెమట కారినంతమాత్రమున దేహము చల్లబడదు, అది ఆరవలెను. తడి ఆరునపుడు తనకు కావలసిన వేడిని చర్మమునుండి తీసికొనిపోవును. కూజాలో నీరు చల్లబడుటయు ఇట్లే. మట్టి రంధ్రములనుండి నీరు చెమర్చి, వెలుపల గాలికి ఆరుచు, లోపలి నీటి వేడిని హరించును. గాలి పొడిగా నున్న దినమున కూజా నీరు గొంతు జిల్లుమనిపించును. గాలి చెమ్మతో నిండిన దినమున తడి ఆరదు. కూజా నీరు గోరువెచ్చగానే నిలుచును. కూజా చల్లబడని దినమున మన దేహమును చల్లబడదు. శాస్త్రజ్ఞులు దీనినే ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టి కొలుతురు. గాలి 36 డిగ్రీలుండి పొడిగా నున్నచో ఆ తడి కొలబద్ద 23 డిగ్రీల ప్రాంతమును చూపును. అదే 36 డిగ్రీలుండి గాలి బాగుగా చెమ్మగా నున్నచో 29 దాటి చూపును. పత్రికలో అంకె రెండు దినములందును ఒకటే. దేహము పడు బాధ ఒకటి కాదు. తడి కొలబద్ద 35 చూపినచో నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడ కొన్ని గంటలకంటె నిలువజాలడని శాస్త్రజ్ఞులు చాలకాలము లెక్కించిరి. ఇటీవలి పరిశోధనలు, పడుచువారికి సైతము అంతకంటె తక్కువలోనే దేహము అదుపు తప్పునని చూపినవి. ముసలివారి సంగతి చెప్పనేల?

ఇప్పుడు మా యింటి వృత్తాంతము. నేను ఉద్యోగము విరమించిన తరువాతి వేసవి అది. మా పెదతండ్రిగారి కుమారుడు, నాకు అన్న వరుస, డెబ్బదేండ్లవాడు, చెరకు సేద్యము చేయువాడు, ఒక ఉదయమున మా అరుగుమీదికి వచ్చి, "తమ్ముడూ, ఈ దినము తోటకు నీరు పెట్టించవలెను. పత్రికలో ఎండ యెంత వ్రాసినారు?" అని అడిగెను. పత్రిక నా చేతనే యున్నది. "పట్టణమున 36 మాత్రమే. మొన్న 40 వ్రాసిన నాడే పోయి సుఖముగా వచ్చితివి గదా, నేడు నీకేమి భయము? మన చిన్నతనమున ఇంతకు మించిన ఎండలు చూడలేదా?" అంటిని. లోపలినుండి నా భార్య, "రాత్రి నింపిన కూజా నీళ్లు ఇంకను చల్లబడలేదు. కూజా పాతబడినదేమో" అనెను. "క్రొత్తది కొందము లెమ్ము" అని నేను మరల పత్రికలో తల దూర్చితిని. అన్నగారు గొడుగు పట్టుకొని వెడలిపోయెను.

మిట్టమధ్యాహ్నమునకు తోటలోని కూలివాడు పరుగున వచ్చి, "పంతులుగారూ! పెద్దయ్యగారు గట్టుమీద కూలబడిపోనారు. మాట తడబడిపోతంది" అనెను. మేము పోవునప్పటికి దేహము పెనమువలె కాలుచున్నది. నన్ను చూచి వేరెవరి పేరుతోనో పిలిచెను. ఆసుపత్రికి చేర్చితిమి. మూడవనాడు మాకు దక్కకపోయెను.

కర్మలు ముగిసిన పిమ్మట ఒక రాత్రి దాహమై లేచి అదే కూజాలోని నీరు త్రాగితిని. పడమటిగాలి వీచుచున్నది, నీరు మంచువలె నుండెను. కూజా పాతబడలేదు. నాడు ఆకాశమున చెమ్మ నిండి, గాలి కదలక, ఊరంతయు ఉడికినది. కూజా ఆ సంగతిని నా భార్యకు చెప్పినది. ఆమె నాకు చెప్పినది. తడి ఆరుటను గూర్చి ముప్పదియేండ్లు బాలురకు పాఠము చెప్పిన నాకు మాత్రము అది వినబడలేదు. పట్టణమున పెట్టెలో కొలిచిన అంకెను నమ్మి, ఇంటిలో నున్న కొలబద్దను త్రోసిపుచ్చితిని. ఇది ఎవరి తప్పును కాదు, నాదే. దీనిని నలుగురికి చెప్పుట నా విధియని తలంచి ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

వాతావరణశాఖవారు కూడ ఈ భేదమును గుర్తించియే లెక్క వేయుదురు. మైదానప్రాంతములలో పగటి వేడిమి కనీసము 40 డిగ్రీలకు చేరి, అక్కడి అలవాటు వేడిమికి నాలుగున్నర డిగ్రీలు మించినచో వడగాడ్పులని ప్రకటింతురు. సముద్రతీరపు ఊళ్లకు 40 అక్కరలేదు; 37 చేరి, ఆ మేరకు అలవాటును మించినను చాలును. చెమ్మగల చోట తక్కువ అంకెయే ఎక్కువ కీడు చేయుననుటకు ఇంతకంటె సాక్ష్యమేల? 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను కలిపి రెండువేలమందికి మించి మరణించిరి. అందు పెక్కురు ముసలివారు, ఎండలో పనిచేయు కూలివారు.

"మన చిన్నతనపు ఎండలు" అను మాటను కూడ మనము విడువవలెను. 1901 మొదలు 2018 వరకు మన దేశపు సగటు వేడిమి సుమారు 0.7 డిగ్రీ పెరిగినది. 1951 మొదలు 2015 వరకు ఉష్ణమండలపు హిందూమహాసముద్రపు పైనీరు సుమారు ఒక డిగ్రీ వేడెక్కినది. బొగ్గు, చమురు మండించుటచే గాలిలో చేరిన వాయువులు భూమి వేడిని బయటకు పోనీయకుండుటయే ఇందుకు ముఖ్యకారణము. 1901 నుండి లెక్కలున్నంతలో 2024 మన దేశమున అన్నింటికంటె వేడి సంవత్సరము. ఒక డిగ్రీ స్వల్పమని యెంచకుడు. సముద్రము వేడెక్కినకొలది గాలిలో చెమ్మ హెచ్చును. చెమ్మ హెచ్చినచో రాత్రులు చల్లబడవు. రాత్రి విశ్రాంతి లేని దేహము మరునాటి ఎండను ఓర్వజాలదు. పట్టణములలో రాతికట్టడములును, సిమెంటు మేడలును పగలు త్రాగిన వేడిని రాత్రియంతయు విడుచుచుండుటచే అక్కడి బాధ మరియు హెచ్చు. పట్టణమున ఉన్న కొడుకుల కడకు వేసవిలో పోవు పెద్దలు దీనిని గుర్తుంచుకొనవలెను. మనమెరిగిన ఎండ మన తాతలది. నేటి ఎండ వేరు.

కావున మీకు చేయు మనవి యిది. వేసవిలో ప్రతిదినమును నాలుగింటిని చూడుడు: పగటి అంకె, రాత్రి అంకె, గాలి, చెమ్మ. మొదటి రెండును పత్రికలోను, రేడియోలోను తెలియును. గాలి మీ వేపచెట్టు ఆకులు చెప్పును. చెమ్మను కూజా చెప్పును. నేడు అనేక గృహములలో ఫ్రిజ్జు వచ్చి కూజా మూలపడినది. త్రాగుటకు కాకపోయినను తెలిసికొనుటకైన ఒక కూజాను గాలి తగులు నీడలో నుంచుడు. చేతి ఫోనులు గలవారు అందు తేమ శాతమును కూడ చూడవచ్చును.

కూజా చల్లబడక, ఆకు కదలక, రాత్రి నిద్రపట్టక యున్నచో, మరునాడు పత్రిక యేమి వ్రాసినను పదకొండు గంటల మొదలు నాలుగు గంటలవరకు తోటపని మానుడు, కూలివారిచేతను మాన్పుడు. తెల్లవారుజామునను, సాయంకాలమునను చేయించుకొనవచ్చును. కూజా చల్లగా నున్నదని 42 డిగ్రీల వడగాడ్పులో తిరుగవచ్చునని మాత్రము తలంపకుడు. పొడిగాలి చెమటను కానరాకుండ ఆర్చి, దేహములోని నీటిని హరించును. ఆ కీడు వేరొక త్రోవన వచ్చును. వయసు మీరినవారికి దాహము సరిగా తెలియదు. కావున దాహమగువరకు ఆగక, గంటగంటకు నీరో, ఉప్పు వేసిన మజ్జిగయో, తరవాణియో పుచ్చుకొనుడు. రక్తపుపోటుకును, గుండెకును మందులు వాడువారు వేసవి రాకమునుపే వైద్యుని సలహా పొందుడు.

ఎవరైన ఎండలో కూలబడి, మాట తడబడి, దేహము కాలుచున్నచో, చెమట పోయుచున్నను పోయకున్నను వడదెబ్బయని యెంచి, తక్షణమే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, తలమీదను దేహమంతటను చన్నీరు పోసి విసరుడు. స్పృహ లేనివాని నోట నీరు పోయకుడు. 108 సంఖ్యకు ఫోను చేయుడు. ఆ బండి వచ్చువరకు నీరు పోయుట మానకుడు. ఆనాడు మేము బండికొరకు వెదకుచు గడపిన ఆ కొద్ది నిమిషములలో కాలువనీరు ప్రక్కనే పారుచుండెను. ఆ నీరు అన్నగారిమీద పోయవలెనని మాలో నొక్కరికిని తోచలేదు.

మన తీరపు శీతోష్ణస్థితి క్రూరమైనది కాదు. మంచు లేదు, ఎముకలు కొరుకు చలి లేదు, ఏడాది పొడుగున పైరు పండించు వెచ్చదనము కలదు. దానితో మెలగు తీరు మన పెద్దలెరిగిరి. కాలము మారినకొలది మనము మరల నేర్చుకొనవలెను. నేటి రాత్రి కూజా నింపి యుంచుడు. రేపు ఉదయమున మొదట ఆ నీరు త్రాగి, ఆ పిమ్మట పత్రిక చదువుడు.

సెలవు.